జాయింటుకి పుట్టిన ఏనుగు

సోమలింగాచారి చేసిన నేరం ఒక్కటే. పని మరీ బాగా చేశాడు.

ఆయన క్యూలు చేసే మేస్త్రీ. క్యూ అంటే పూల్ బల్ల మీద బంతిని పొడిచే కర్ర. మంచి క్యూ రెండు ముక్కలుగా ఉంటుంది. ఆడబోయే ముందు మరలాగా తిప్పి బిగిస్తారు, ఆట అయ్యాక విప్పి సంచీలో పెట్టుకుంటారు. ఆ రెండు ముక్కలూ కలిసేచోట ఉండే ఉంగరాల జతని జాయింటు అంటారు. పూర్వం దొరలు దాన్ని ఏనుగు దంతంతో చేయించుకునేవారు. దంతపు జాయింటుకి వచ్చే ‘టక్’మనే చప్పుడు మరి దేనికీ రాదని ఆటగాళ్ళ నమ్మకం. తర్వాత ప్రభుత్వం దంతాన్ని నిషేధించింది. అది న్యాయమే. నమ్మకాన్ని నిషేధించడం మాత్రం ఎవరివల్లా కాలేదు.

సోమలింగాచారి తాతలు లక్కబొమ్మలు చేసిన చేతులవాళ్ళు. ఆయన పట్నం వచ్చి, బీచి రోడ్డు క్లబ్బు వెనక సందులో లేతు మిషను పెట్టుకుని, ముప్ఫై ఏళ్ళుగా క్లబ్బువాళ్ళ క్యూలు బాగుచేస్తున్నాడు. ఒకప్పుడు ఒక పాత దంతపు జాయింటు మరమ్మతుకి వచ్చింది. దాన్ని భూతద్దం కింద పెట్టి చూస్తే లోపల సన్నటి గీతలు, చేపల వలలాగా అల్లుకుని కనబడ్డాయి. ఆ గీతలు ఆయన్ని నిద్రపోనివ్వలేదు. రెజిను తెచ్చాడు. పాలరంగు కలిపాడు. పొర మీద పొర పోశాడు, ఆరబెట్టాడు, తిప్పాడు, పారేశాడు. మూడు ఇడ్లీ పాత్రలు పాడుచేశాడు. ఆరో ఏడు గీతలు వచ్చాయి. చప్పుడు కూడా వచ్చింది.

ఆ మొదటి జాయింటుని ఆయన ఎవరికీ అమ్మలేదు. కూతురు లోవకుమారి క్యూకి పెట్టాడు. లోవ ఇరవై రెండేళ్ళ పిల్ల. క్లబ్బులో స్కోరు రాసే పనికి కుదిరి, మెంబర్లు టీలకి లేచినప్పుడల్లా వాళ్ళ బల్ల మీద ఆడి ఆట నేర్చుకుంది. ఈ ఏడు రాష్ట్ర జట్టుకి ఎంపికైంది. జాతీయ పోటీలు ఇండోరులో, ఇరవై నాలుగో తేదీన. రైలు ఇరవయ్యొకటి సాయంత్రం ఏడింటికి. ఊళ్ళో అందరికీ క్యూలు చేసిన తండ్రి తన పిల్లకి చేసిన మొదటి క్యూ అది.

పిల్ల గురించి రాయడానికి పేపరు విలేకరి వచ్చాడు. పిల్లని రెండు ప్రశ్నలు అడిగి, క్యూని పట్టుకుని వదల్లేదు.

“ఇది నిజం దంతం కాదంటే నమ్మేలా లేదే, మేస్త్రీ గారూ!” అన్నాడు.

సోమలింగాచారికి ఆరేళ్ళ కష్టం ఒక్కసారిగా పొంగింది. “ఏనుగొచ్చి సూసినా తన దంతమే అనుకుంటాది బాబూ,” అన్నాడు.

మర్నాడు జిల్లా పేజీలో పైభాగాన వార్త పడింది: ‘ఏనుగే ఒప్పుకునే దంతపు జాయింటు!’ కింద, చిన్నక్షరాల్లో, లోవకుమారి పేరు తప్పుగా.

*

మూడో రోజున వన్యప్రాణి పదార్థాల పర్యవేక్షణ కార్యాలయం వారి జీపు వచ్చి, సందులో పట్టక, సందు మొదట్లో ఆగింది. అందులోంచి అధికారి దివాకరం గారు దిగారు. ఆ ఆఫీసు పెట్టి తొమ్మిదేళ్ళయింది. తొమ్మిదేళ్ళూ పైకి పంపిన నివేదికల్లో ‘పట్టుబడిన దంతము: శూన్యము’ అనే ఉంది. పక్క జిల్లావాళ్ళు సమావేశాల్లో ఆయన్ని ‘శూన్యం గారు’ అని పిలుస్తున్నారని ఆయన చెవిన పడింది కూడా.

“ఏమయ్యా ఆచారీ, ఏనుగెక్కడ?” అన్నారు రాగానే.

“ఏ ఏనుగండి బాబూ?”

“దీనిది.” క్యూని చూపించారు.

“దీనికి ఏనుగేటండి! ఇది రెజినండి. నీళ్ళలాగుంటాది, ఆరితే రాయిలాగయిపోతాది. ఇదిగోండి డబ్బా.”

దివాకరం గారు డబ్బాని నాలుగువైపులా తిప్పి చదివారు. “ఇందులో ఏనుగు లేదని ఎక్కడా రాసిలేదే?”

“ఏ డబ్బా మీద రాస్తారండి అలాగ? పంచదార సంచీ మీద రాస్తారేటి?”

“నన్ను అడగకు. అడగడం నా ఉద్యోగం.”

అక్కడే పంచనామా రాశారు. ‘సదరు వస్తువు తన దంతమేనని ఏనుగు సైతం అంగీకరించగలదని నిందితుడే పత్రికాముఖంగా ఒప్పుకొనియున్నందున, ఏనుగు తరఫున వేరుగా వాంగ్మూలము అవసరము లేదని భావించి’ క్యూని స్వాధీనం చేసుకున్నారు. దంతం చెక్కిన సాధనమని లేతు మిషనుని కూడా పట్టుకెళ్ళారు. దాన్ని సందు చివరిదాకా మోయడానికి నలుగురు కావలసి వచ్చింది. ముగ్గురు ఆఫీసువాళ్ళు, నాలుగో మనిషి సోమలింగాచారే. వాళ్ళు ఎక్కడ పట్టుకోవాలో తెలియక మిషను పడేస్తారని ఆయన భయం.

“పోనీ నాన్నా, నేను క్లబ్బు కర్రతో ఆడేస్తాను,” అంది లోవ.

“క్లబ్బు కర్రలు వంకరే. నాకు తెల్దేటి? నానే కదా బాగుసేసింది,” అన్నాడు తండ్రి. “లాబుకి పంపుతారట. లాబువోళ్ళు సదువుకున్నోళ్ళు. సెప్పీస్తారు.”

*

లాబువాళ్ళు నిజంగానే చెప్పేశారు. ఎనిమిది రోజుల్లో, పద్నాలుగో తేదీన, రిపోర్టు వచ్చింది: ‘పంపిన వస్తువులో దంతము లేదు. జంతు సంబంధమైన పదార్థమేదియు లేదు. ఇది ప్లాస్టిక్కు జాతికి చెందినది.’

సోమలింగాచారి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకి వెళ్ళాడు. సూపరింటెండెంటు భ్రమరాంబ గారు కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నారు. రిటైరవడానికి పదకొండు నెలలున్న మనిషి. కోపం, ఆశ్చర్యం రెండూ ఎప్పుడో ఖర్చయిపోయాయి ఆవిడకి.

“కూర్చోండి ఆచారిగారూ. మీది దంతం కాదు, తేలిపోయింది. విడుదల పత్రం నింపితే తీసుకెళ్ళిపోవచ్చు,” అన్నారు. ఒకటి, రెండు, మూడు గడులు నింపారు. నాలుగో గడి దగ్గర చెయ్యి ఆగింది.

“ఏటమ్మా?”

“నాలుగో గడి: ‘ఏ జంతువుది?’”

“ఏ జంతువుదీ కాదు కదమ్మా.”

“‘ఏదీ కాదు’ అని లేదండి. ఏనుగు మగ, ఏనుగు ఆడ. అంతే ఉన్నాయి.”

“ఖాళీగా వదిలీండి.”

“ఖాళీగా వదిలితే ముందుకెళ్ళదు. ‘ఇతరములు’ అని ఒకటుండేది. అందరూ అదే నొక్కుతున్నారని పోయినేడు తీసేశారు.”

విషయం దివాకరం గారి గదిలోకి వెళ్ళింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. “ఇందులో తికమక ఏమున్నది? విడుదల కావలెనన్న, ముందుగా వస్తువు ఏనుగుదని నమోదు కావలెను. నమోదైన పిమ్మట, లాబు నివేదికను జతపరచి, ఏనుగుది కాదని తేల్చి, విడుదల చేయుదుము. అసలు ఏనుగుదే కానిచో, ఏనుగుది కాదని ఎట్లు తేల్చుదుము?”

భ్రమరాంబ గారు ‘ఏనుగు మగ’ అన్నచోట నొక్కారు. కంప్యూటరు ఒక్క క్షణం ఆలోచించి, ఏనుగుకి నంబరు ఇచ్చింది. ఒకటి.

తొమ్మిదేళ్ళలో ఆ ఆఫీసుకి దక్కిన మొదటి ఏనుగు. అటెండరు పరుగెత్తుకెళ్ళి అందరికీ టీలు తెచ్చాడు. సోమలింగాచారికి కూడా ఒకటి ఇచ్చారు. ఆయన మొహమాటానికి తాగాడు.

ఐదో గడి పైకి వచ్చింది: ‘సదరు ఏనుగు ప్రస్తుతము సజీవముగా ఉన్నదా?’

“సచ్చిపోయిందని మాత్రం నొక్కకండమ్మా,” అన్నాడు సోమలింగాచారి కంగారుగా. “మళ్ళీ నానే సంపీసినానంటారు.”

ఆవిడకి అది సబబుగానే తోచింది. ‘సజీవము’ అని నొక్కారు.

*

సాయంత్రానికి పై ఆఫీసు నుంచి ఉత్తర్వు దిగింది. ‘దంతము కోల్పోయిన మగ ఏనుగు జనావాసముల నడుమ తిరుగుచుండుట ప్రజాభద్రతకు తీవ్ర విఘాతము. నలుబది యెనిమిది గంటలలో సదరు ఏనుగును పట్టి నివేదించవలెను.’ లాబు రిపోర్టు సంగతి అందులో లేదు. అది విడుదల ఫైలులో ఉంది. ఇది ఏనుగు ఫైలు.

జీపుకి మైకు కట్టారు. “పౌరులకు విజ్ఞప్తి. ఒంటిదంతపు ఏనుగు సంచరిస్తున్నది. కనిపించినచో దగ్గరకు పోరాదు. దాని మనోభావములను గాయపరచు వ్యాఖ్యలు చేయరాదు.” ముందు సీట్లో దివాకరం గారు. వెనకాల సీట్లో చెరకుగడల మోపు, దాని పక్కన సోమలింగాచారి.

“నానెందుకండి బాబూ?”

“నిన్ను చూస్తే గుర్తుపట్టి ఆగుతుంది. దంతం తీసినవాడివి కదా.”

“నానది డబ్బాలోంచి తీసినానండి.”

“ఆ ముక్క దానికి చెప్పు.”

రెండు రోజులు తిరిగారు. ప్రజలు బాగా సహకరించారు. ఏనుగుని చూశామని పదిహేడు మంది ఫోను చేశారు. మార్కెట్టు దగ్గర ఒకాయన, అది తన అరటిచెట్లు తినేసిందని, అడ్డువస్తే పక్కింటాయన పేరు చెప్పి బెదిరించిందని రాతపూర్వకంగా ఇచ్చాడు. ఎర్రలైటు పడ్డా ఆగలేదని ట్రాఫిక్కువాళ్ళు కేసు కట్టుకున్నారు. సినిమాహాలు ముందున్న సిమెంటు ఏనుగు ఫోటో పదకొండు మంది పంపారు. దివాకరం గారు పదకొండుసార్లూ వెళ్ళి చూసి వచ్చారు. ఆరోసారి దాని దంతాలు కొలిచారు కూడా.

జీపు క్లబ్బు ముందునుంచి పోయినప్పుడల్లా సోమలింగాచారి తొంగిచూసేవాడు. లోపల లోవ ఏదో వంకర కర్రతో సాధన చేస్తూ కనబడేది. బంతి వెళ్ళవలసిన చోటికి జానెడు పక్కకి పోయేది. ఆయన చెరకుగడల మీద చెయ్యి వేసుకుని కళ్ళు మూసుకునేవాడు.

గడువు దాటింది. ఏనుగు దొరకలేదు. దొరకని ఏనుగు మరణించినట్టే భావించవలెనని నియమం ఉందట. దానికి పశువుల డాక్టరు సంతకం కావాలి. డాక్టరు గారు కుర్రవాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు.

“కళేబరం లేకుండా మరణ ధ్రువీకరణ ఎలా ఇవ్వనండీ?” అన్నాడు.

“కళేబరములో కొంత భాగము మన స్వాధీనములోనే ఉన్నది కదా,” అని దివాకరం గారు క్యూని బల్ల మీద పెట్టారు.

డాక్టరు దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత స్టెతస్కోపు తీసి జాయింటుకి ఆనించి విన్నాడు. గుండె కొట్టుకోవడం లేదు. సంతకం పెట్టాడు. కారణం దగ్గర ‘అవయవము ఆటవస్తువుగా మారినందున కలిగిన మనోవేదన’ అని దివాకరం గారు స్వయంగా చెప్పి రాయించారు.

*

ఇరవయ్యొకటో తేదీ మధ్యాహ్నం రెండున్నరకి చివరి ఉత్తర్వు సోమలింగాచారి చేతికి వచ్చింది. ‘మరణించిన ఏనుగు సంఖ్య ఒకటి యొక్క అవశేషమును ఇరవై నాలుగవ తేదీన గౌరవ లాంఛనములతో దహనము చేయవలెను. నిందితుడు తప్పక హాజరు కావలెను.’ రైలుకి నాలుగున్నర గంటల వ్యవధి ఉంది.

చెప్పులు వేసుకోకుండా ఆఫీసుకి పరుగెత్తాడు.

“బాబూ, కర్ర కూడా కాల్చీస్తారా?”

“అవశేషమునకు అంటుకొని ఉన్నది. విడదీయరాదు,” అన్నారు దివాకరం గారు.

“కర్ర ఏనుగుదా బాబూ?”

దివాకరం గారు ఉత్తర్వుని తిప్పి మళ్ళీ చదివారు. ఫ్యాను తిరుగుతోంది. ఆయన ఉద్యోగజీవితంలో ఎవరూ ఇంత సూటిగా ఏదీ అడగలేదు.

“ఏనుగులో కర్ర ఉండదు,” అన్నారు చివరికి.

“ఆ ముక్కే రాసీండి బాబూ. మీకు దండం పెడతాను.”

నలభై నిమిషాల తర్వాత ఉత్తర్వు నంబరు వేసి వచ్చింది: ‘ఏనుగు శరీరమునందు కర్ర ఉండదని ఇందుమూలముగా స్పష్టము చేయడమైనది. అవశేషమునకు హాని కలుగకుండ నిందితుడే వేరు చేయవలెను.’

లేతు మిషను ఆఫీసు వరండాలోనే ఉంది, మీద సాక్ష్యమని చీటీ అంటించుకుని. దివాకరం గారి గదిలో ఫ్యాను ఆపి ఆ ప్లగ్గులోంచి తీగ లాగారు. సోమలింగాచారి జాయింటుకి కాస్త కాస్తగా వేడి తగిలించాడు. జిగురు పట్టు వదిలింది. ఆరేళ్ళ పని, రెండు తెల్లటి ఉంగరాలు, చిన్న పెచ్చైనా లేవకుండా ఊడి చేతిలోకి వచ్చాయి. వాటిని ఒకసారి వెలుతురుకి పెట్టి చూశాడు. దివాకరం గారి అరచేతిలో పెట్టాడు.

“జాగ్రత్తండి. కింద పడితే పగిలిపోతాది,” అన్నాడు అలవాటుకొద్దీ.

రెండు కర్రముక్కలూ చంకన పెట్టుకుని, ఆఫీసు రాసిచ్చిన విడుదల పాసుతో ఒక్క అంగలో మెట్లు దిగి పోతే గేటు దగ్గర వాచ్‌మన్ దాన్ని అడిగాడు. చదివాడు. చంకలోకి చూశాడు.

“క్యూ ఒకటి అని ఉందిక్కడ. ఇయ్యి రెండున్నాయేటి?”

“రెండూ కలిస్తే ఒకటవుతాదిరా బాబూ.”

“కలిపి పట్రా మరి. నానెలా వదిల్తాను? ఒకటి ఎక్కువ పోతంది.”

తిరిగి వెళ్ళి పాసు మార్చమంటే, రెండు ముక్కలుగా రాస్తే స్వాధీనం చేసుకున్న వస్తువుని ఆఫీసే విరగ్గొట్టినట్టవుతుందని, దానికి విచారణ సంఘం వేయవలసి వస్తుందని దివాకరం గారు వివరించారు. అప్పటికి నాలుగు నలభై. కలపడానికి ఉంగరాలు కావాలి, అవి లేకుండా మర పట్టదు. ఉంగరాలకి గట్టి కర్ర కావాలి. గట్టి కర్ర ఇంట్లో ఉంది, గేటు అవతల. ఖాళీ చేతులతో వెళ్ళి తెచ్చుకుంటానంటే, నిందితుడు ఒకసారి బయటికి వెళితే మళ్ళీ లోపలికి రావడానికి కొత్త దరఖాస్తు పెట్టుకోవాలిట.

సోమలింగాచారి వరండా మెట్ల మీద కూలబడ్డాడు. మోకాళ్ళ మధ్య ఆ రెండు ముక్కలూ పట్టుకుని, ఉంగరాలు ఊడిన చోట బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు.

భ్రమరాంబ గారు కిటికీలోంచి చూశారు. లేచారు. వచ్చారు. చేతిలో రూళ్ళకర్ర ఉంది. రిజిస్టర్లలో గీతలు గీసే గుండ్రటి కర్ర, అంగుళం మందం, నల్లగా, పట్టుకుని పట్టుకుని గాజులాగా నున్నబడినది.

“ఇది పనికొస్తుందేమో చూడండి, ఆచారిగారూ.”

ఆయన దాన్ని గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆ మొహంలో రంగు మారింది. “నల్లచేవమ్మా ఇది, రాయిలాటి కర్ర! ఎక్కడిది?”

“నాకు ముందున్న సూపరింటెండెంటు అప్పజెప్పారు. ఆయనకి ముందాయన.”

“కొయ్యాల మరి. మూడంగుళాలు పోతాది. మీకు మాటొస్తాదేమో.”

“స్టాకు రిజిస్టర్లో ‘రూళ్ళకర్ర, ఒకటి’ అని ఉంది. పొడవు రాయలేదు,” అన్నారావిడ. “పొట్టిదైనా ఒకటి ఒకటే.”

లేతు తిరిగింది. వరండా నిండా నల్లటి పొట్టు లేచింది. గుమాస్తాలు ఫైళ్ళు మూసి వచ్చి నిలబడ్డారు. తొమ్మిదేళ్ళలో ఆ ఆఫీసులో ఏదైనా తయారవడం వాళ్ళు చూడటం అదే మొదలు. నల్ల ఉంగరాలు రెండు తెగాయి, లోపలికి తొలిచాడు, కర్రలకి ఎక్కించాడు, ఐదు నిమిషాల్లో పట్టే జిగురు పూశాడు. మర బిగించి కర్రని బల్ల మీద దొర్లించాడు. ఎక్కడా ఎగరకుండా తిన్నగా పోయింది. ఎవరో చప్పట్లు కొట్టబోయి, దివాకరం గారిని చూసి ఆగిపోయారు.

గేటు బయట లోవ సంచీతో నిలబడి ఉంది. నిందితుడి బంధువని లోపలికి రానివ్వలేదు. తండ్రి క్యూ ఒకటి పట్టుకుని వచ్చాడు. వాచ్‌మన్ లెక్కపెట్టుకుని వదిలాడు.

“నల్లగా ఉందేటి నాన్నా?”

“గవర్నమెంటుది. మరేటీ అడక్కు. పద పద, రైలెలిపోతాది!”

*

ఇరవై నాలుగో తేదీ ఉదయం పది గంటలకి ఆఫీసు ఆవరణలో షామియానా వేశారు. వేదిక మీద ముఖ్య అతిథి గారు, పక్కన దివాకరం గారు. మధ్యన పట్టు దిండు మీద రెండు తెల్ల ఉంగరాలు. వాటి వెనక నిలువెత్తు ఏనుగు ఫోటో. సినిమాహాలు దగ్గర తీసిందే, అన్నిటిలోకీ అదే బాగా వచ్చింది. స్కూలు పిల్లలు వరుసగా వచ్చి పువ్వులు వేశారు. నిందితుడి స్థానం మొదటి వరుసలో, చివరి కుర్చీ.

“మూగజీవి మన మధ్య మౌనముగా జీవించినది, మౌనముగానే నిష్క్రమించినది,” అన్నారు దివాకరం గారు. “అది ఎవరి కంటనూ పడలేదన్నచో, అది దాని నిరాడంబరత.” పక్క జిల్లా అధికారులు తలలు దించుకున్నారు. ఇప్పుడాయన్ని శూన్యం గారు అనడానికి వాళ్ళ దగ్గర ఏమీ మిగల్లేదు.

ముఖ్య అతిథి గారు కాగడా అంటించారు. దంతం తొందరగా కాలదని ఎవరో చెప్పి ఉండటం వల్ల గంటకి సరిపడా కట్టెలు, నెయ్యి సిద్ధం చేశారు. ఉంగరాలు అరనిమిషంలో ఉబికి, నల్లబడి, చుక్కలు చుక్కలుగా కారిపోయాయి. కాలిన బకెట్టు వాసన షామియానా అంతా కమ్మింది. ముఖ్య అతిథి గారు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

“బాగా వయసు మళ్ళిన ఏనుగనుకుంటాను,” అన్నారు.

“అవునండి,” అన్నారు దివాకరం గారు.

రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. అందరూ లేచి తలలు వంచారు. సోమలింగాచారి కూడా వంచాడు. సరిగ్గా అప్పుడే ఆయన చొక్కాజేబులో ఫోను గురగురమంది. తల వంచుకున్న మనిషికి ఫోను చూసుకోవడం తేలిక. అరచేతిలో దాచి చూశాడు.

‘నాన్నా మొదటి ఆట గెలిచాను. జాయింటు కదల్లేదు. దీని చప్పుడు నీ తెల్లదాని కన్నా బాగుంది. అందరూ ఏం కర్ర అని అడుగుతున్నారు.’

ఆయన ఒకసారి చదివాడు. ఎదురుగా పొగలో కారిపోయిన ఆరేళ్ళని చూశాడు. మళ్ళీ చదివాడు. భుజం మీది తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అయినా భుజాలు ఎగరడం అందరికీ కనబడింది.

దివాకరం గారు మౌనానికి భంగం కలగకుండా ఫైలు తెరిచి, చివరి పేజీలో రాశారు: ‘నిందితుని యందు పశ్చాత్తాపము కన్నీటి రూపమున ప్రత్యక్షముగా గమనించడమైనది. ఇకమీదట ఇతడు ఏనుగుల జోలికి పోడని విశ్వసించి, కేసు మూసివేయడమైనది.’